ఆర్కిడ్ గదిలో యంత్రమునకు ఏ పని అప్పగింపవలెను?

వివాహ మండపములలోను, హోటళ్ళలోను ఆర్కిడ్ పూల వాడుక పెరిగినది. అది చూచి కొందరు రైతులు, ముఖ్యముగా ఇంటి ప్రక్కన ఖాళీ షెడ్డు గల యువకులు, గదిలో దీపముల క్రింద ఈ మొక్కలను పెంచవచ్చునా అని అడుగుచున్నారు. పెంచవచ్చును. అయితే సామాను అమ్మువారు చెప్పునది మరొక మాట. “దీపములు వాటంతట అవే వెలుగును, తుంపర దానంతట అదే పడును, మీరు తలుపు వేసికొని పొలమునకు పోవచ్చును” అని వారందురు. మరొక ప్రక్క, “మొక్కకు మనిషి చేయి కావలెను గాని మీటలతో పనియేమి?” అను పెద్దలును ఉన్నారు.

రైతు సోదరులారా, ఈ రెండు మాటలును సరికావని నా అభిప్రాయము. గడియారము చూచి చేయవలసిన పనిని యంత్రమునకు ఈయవలెను. మొక్కను చూచి చేయవలసిన పనిని మనమే ఉంచుకొనవలెను. ఈ భేదము తెలియక పెట్టిన పెట్టుబడి నీళ్ళపాలగును.

ముందుగా మొక్క స్వభావమును తెలిసికొందము. మన మామిడి తోపులలో కొమ్మలను పట్టుకొని పెరుగు వాండా టెసెల్లేటా ఒక ఆర్కిడే. బదనిక వలె అది చెట్టు రసమును పీల్చదు. కొమ్మను ఆసరా చేసికొని, గాలిలోనికి వేళ్ళు చాచి బ్రతుకును. ఆ వేళ్ళపై మెత్తని తెల్లని పొర కలదు. వాన పడగానే అది నీటిని పీల్చి ఆకుపచ్చనగును; గాలి వీచినపుడు ఆరి మరల తెల్లబడును. ఇట్లు తడియుట, ఆరుట రెండును జరిగిననే వేరు ఆరోగ్యముగా నుండును. అంగడిలో దొరకు ఫలెనాప్సిస్, డెండ్రోబియం జాతులకును ఇదే స్వభావము. ఎల్లవేళల తడిగా నుంచిన వేళ్ళు కుళ్ళిపోవును.

ఇక దీపముల సంగతి. పూలు కోసి అమ్ముటకు డెండ్రోబియం పెంచదలచిన వారికి దీపముల గది తగదు. దానికి ఎక్కువ వెలుతురు కావలెను. అది నీడవల క్రింద ఎండలో ఉచితముగా దొరకును. దీపముల క్రింద పెంచుటకు అనువైనవి టిష్యూకల్చర్ సీసాలనుండి తీసిన పిల్లమొక్కలు, కుండీలలోని ఫలెనాప్సిస్. వీటికి రోజుకు 12 నుండి 14 గంటల వెలుతురు చాలును. ఫలెనాప్సిస్ రాత్రివేళ ఆకు రంధ్రములను తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించును. కనుక దానికి వెలుతురెంత అవసరమో చీకటియు అంత అవసరము.

ఖర్చు ఎంతయో లెక్క వేసి చూడుడు. 4 అడుగుల రాకుపై 20 వాట్ల ఎల్.ఇ.డి. గొట్టములు 4 అమర్చి, రోజుకు 12 గంటలు వెలిగించినచో 0.96 యూనిట్లు ఖర్చగును. పది రాకులకు నెలకు 288 యూనిట్లు. మరచిపోయి రాత్రియు వెలుగనిచ్చినచో అది 576 యూనిట్లగును. మొక్కకు విశ్రాంతియు చెడును. కనుక దీపములకు టైమరు తప్పక పెట్టవలెను. ఇది గడియారపు పని. ఇందులో మనిషికంటె యంత్రమే నమ్మదగినది.

కాని టైమరు కొనునపుడు ఒక సంగతి గమనింపవలెను. బ్యాటరీ లేని చక్రపు టైమరు, కరెంటు పోయినపుడు తానును ఆగిపోవును. రోజుకు 2 గంటలు కోత ఉన్నచో వారము దినములకు దాని గడియారము 14 గంటలు వెనుకబడును. ఉదయము వెలుగవలసిన దీపము రాత్రి వెలుగును. యజమానికి మాత్రము అంతయు సరిగా నడచుచున్నట్లే తోచును. కావున బ్యాటరీ గల టైమరునే కొనవలెను. వారమున కొకసారి దానిని చేతి గడియారముతో సరిచూడవలెను.

దీపము ఎక్కువసేపు వెలిగించిన పూలు వచ్చునను భ్రమయు కొందరికి కలదు. గదిలో వేడి 28 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి ఉన్నంతకాలము ఫలెనాప్సిస్ పూకాడ వేయదు. కొన్ని వారములపాటు అంతకంటె చల్లదనము కావలెను. మన మైదాన ప్రాంతములలో ఆ చల్లదనము చలికాలమునందే సహజముగా దొరకును. వేసవిలో దానిని కొనవలసివచ్చును. ఆ ఖర్చును లెక్కలో వేయకుండ ఈ పనికి పూనుకొనరాదు.

తుంపర విషయములో మరింత జాగ్రత్త కావలెను. గాలిలో తేమ 50 నుండి 80 శాతము వరకు ఉండుట ఈ మొక్కలకు హితము. అనంతపురమున వేసవి మధ్యాహ్నపు పొడిగాలిలో తుంపర వెంటనే ఆవిరియై గదిని చల్లబరచును. కాకినాడలో ముసురు పట్టిన దినమున అదే తుంపర ఆవిరి కాక ఆకులపై నీరుగా నిలుచును. కాబట్టి “గంటకొకసారి అర నిమిషము” అను లెక్క రెండు చోట్లకును పనికిరాదు. ఒకే చోట రెండు ఋతువులకును పనికిరాదు. తుంపరను గడియారము కాక తేమను కొలుచు సెన్సరు నడుపవలెను. గడియారము దానికి హద్దు మాత్రమే: ఎంత పొడిగా నున్నను మధ్యాహ్నము 3 గంటల తరువాత తుంపర పడరాదు. ఆకు మొదట నిలిచిన నీరు రాత్రికి ఆరనిచో ఫలెనాప్సిస్ మొవ్వు కుళ్ళును. మొవ్వు పోయిన మొక్క తేరుకొనుట అరుదు. గదిలో చిన్న పంకా ఎల్లవేళల తిరుగుచుండవలెను. గాలి కదలని గదిలో తుంపర మేలుకంటె కీడే ఎక్కువ చేయును.

సెన్సరు మాటను గ్రుడ్డిగా నమ్మరాదు. దానిని తుంపర గొట్టము ఎదుట గాని, తలుపు దగ్గర గాని కాక, మొక్కల ఎత్తున, నీడలో వ్రేలాడదీయవలెను. దానిని పరీక్షించుటకు సులభమైన మార్గము కలదు. ఒక సీసాలో వంటయుప్పును కొద్ది నీటితో ముద్దగా తడిపి ఉంచుడు. ఉప్పు తగులకుండ సెన్సరును లోపల వ్రేలాడదీసి, మూత బిగించి ఒక దినము ఆగుడు. లోపలి తేమ సుమారు 75 శాతమునకు వచ్చును. సెన్సరు 60 గాని 90 గాని చూపినచో అది పనికిరాదు. ఈ పరీక్షను ఏడాదికి రెండుసార్లు చేయవలెను.

నీటి వాల్వు కరెంటు లేనపుడు మూసికొనియుండు రకము కావలెను. కొన్ని గంటలు తుంపర లేకపోయినచో దళసరి ఆకుల మొక్కకు ప్రాణాపాయము లేదు. రాత్రంతయు తెరచియుండిపోయిన వాల్వు తెల్లవారుసరికి గదినంతటిని పాడుచేయును.

నీటి గుణమును మరువరాదు. ఉప్పదనము గల బోరు నీరు సన్నని రంధ్రములను పూడ్చును, ఆకులపై తెల్లని మచ్చలు వేయును, వేళ్ళను మాడ్చును. వాననీరు శ్రేష్ఠము. 100 చదరపు మీటర్ల కప్పుపై 1 మిల్లీమీటరు వాన పడినచో 100 లీటర్లగును. తొట్టి కట్టుకొన్నవారికి ఏ యంత్రమును ఈయలేని మేలు కలుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. నీటి తుంపర, కరెంటు ఒకే గదిలో ఉండుట ప్రమాదకరము. మంచి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి తెగిపడు రక్షణ మీట, నీరు చొరని దీపములు లేకుండ ఒక్కనాడును పని ప్రారంభింపరాదు. తక్కిన వాటిలో ఎక్కడనైనను పొదుపు చేయవచ్చును గాని ఇందులో చేయరాదు.

కావున ఖర్చు పెట్టు వరుస ఇట్లుండవలెనని నా సలహా: మొదట విద్యుత్ రక్షణ, తరువాత మంచినీరు, తరువాత పంకా, తరువాత దీపములు, టైమరు, చివరకు తుంపర, సెన్సరు. మొబైలు ఫోనులో గదిని చూపు ఖరీదైన పెట్టెలు ఒక ఏడాది మొక్కలు నిలిపిన తరువాత చూచుకొనవచ్చును. మొదట 50 మొక్కలతో ఒక వేసవి, ఒక వానకాలము గడపినవారే గదిని పెంచవలెను.

గ్రామ అధికారులకును ఒక మనవి. సహాయము కోరు దరఖాస్తు వచ్చినపుడు యంత్రము గోడకు బిగించినారా లేదా అని మాత్రమే చూడవద్దు. నీటి పరీక్ష జరిగినదా, ఎర్తు ఉన్నదా, యజమానికి తన మొక్క వేరు చూచి తడియో పొడియో చెప్పుట వచ్చునా, పూలు ఎవరికి అమ్మదలచెనో తెలిసినదా అని అడుగుడు. ఈ నాలుగింటికి జవాబు లేనిచోట అప్పు ఇప్పించుట ఆ కుటుంబమునకు ఉపకారము కాదు. సాగు విషయములలో సందేహములున్నచో 1996లో సిక్కింలోని పాక్యోంగ్‌లో నెలకొన్న జాతీయ ఆర్కిడ్ పరిశోధన సంస్థకును, మన ఉద్యాన విశ్వవిద్యాలయములకును వ్రాయవచ్చును.

నీరు పోయు పని మాత్రము మీ చేతిలోనే ఉంచుకొనుడు. ప్రతి ఉదయము కుండీ ఎత్తి బరువు చూడుడు. వేరు రంగు చూడుడు. ఆకు ముదురు పచ్చనైనచో వెలుతురు చాలలేదనియు, పసుపు పచ్చనైనచో మించినదనియు గ్రహింపుడు. దీనికి అర గంట చాలును. ఆ అర గంట తీరిక లేనివారు ఆర్కిడ్ల జోలికి పోకుండుటయే మంచిది. ఉన్నవారికి యంత్రము నమ్మకమైన పనివాడుగా ఉపయోగపడును.