ముందు బ్రేక్ అంటే భయమా?

"ముందు బ్రేక్ పట్టుకున్నావంటే పల్టీ కొడతావ్, కాలి బ్రేకే వాడు." బండి నేర్పిన బాబాయో, మావయ్యో, పక్కింటి అన్నో మనలో చాలామందికి చెప్పిన మొదటి పాఠం ఇదే. మట్టి రోడ్ల మీద పడి లేచి వాళ్లు నేర్చుకున్నది మనకి చెప్పారు, తప్పు పట్టలేం. కానీ ఏబీఎస్‌కి డబ్బులు పెట్టాలా వద్దా అనే ప్రశ్న మొదలయ్యేదీ ఇక్కడే.

బస్సు సడన్‌గా బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లంతా డ్రైవర్ వైపు తూలతారు కదా. బండి మీద కూడా అంతే, బ్రేక్ పడగానే బరువు ముందుకొస్తుంది. ముందు టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది. అందుకే పొడి తారు రోడ్డు మీద బండిని ఆపే పనిలో సుమారు 70 శాతం ముందు చక్రానిదే. కాలి బ్రేక్ ఒక్కటే తొక్కేవాళ్లు తమ దగ్గరున్న బ్రేకుల్లో పెద్ద ముక్కని వాడకుండానే తిరుగుతున్నారన్నమాట.

అలాగని ఆ భయం ఉత్తిది కాదు. వెనక చక్రం లాక్ అయితే బండి తోక ఊపుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందు చక్రం తిరగడం ఆగిపోతే మాత్రం హ్యాండిల్ మన మాట వినదు, రెప్పపాటులో కిందుంటాం. వర్షంలో జీబ్రా లైన్ల పెయింట్ మీదో, మ్యాన్‌హోల్ మూత మీదో అయితే ఆ రెప్పపాటు కూడా ఉండదు.

ఏబీఎస్ చేసే పని ఈ ఒక్క చోటే. చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగు ఒకటి, దాని వేగం చదివే సెన్సర్ ఒకటి ఉంటాయి. చక్రం ఉన్నట్టుండి మందగించి లాక్ అయ్యేలా కనిపిస్తే, కంట్రోలర్ బ్రేక్ ఆయిల్ ప్రెషర్ కొంచెం వదిలి మళ్లీ పెడుతుంది. ఇలా సెకనుకి చాలాసార్లు. మా భాషలో చెప్పాలంటే చదువు, పోల్చు, సరిదిద్దు అనే చిన్న లూప్. 1988లో బీఎండబ్ల్యూ కే100 మీద ఎలక్ట్రానిక్ ఏబీఎస్ వచ్చినప్పటి నుంచీ సూత్రం అదే, పెట్టె సైజు మాత్రం బాగా తగ్గింది.

"నాకు పదేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది, నాకెందుకు?" అనేవాళ్లు ప్రతి ఆఫీస్ పార్కింగ్‌లోనూ ఉంటారు. ఖాళీ రోడ్డు మీద, ముందే తెలిసి వేసే బ్రేక్ అయితే నిజంగానే వాళ్లు బాగా వేయగలరు. కానీ ఆటో అడ్డంగా తిరిగినప్పుడు మన వేళ్లు ఎక్స్‌పీరియన్స్‌ని అడిగి నొక్కవు. పిడికిలి బిగుసుకుపోతుంది, అంతే. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే సంస్థ చూస్తే, ఏబీఎస్ ఉన్న బండ్లకి ప్రాణాంతక ప్రమాదాల రేటు 22 శాతం తక్కువగా తేలింది. మన దగ్గర 2022లో రోడ్ల మీద పోయిన 1,68,491 మందిలో 74,897 మంది టూవీలర్ల మీదవాళ్లే. అక్కడి శాతాన్ని ఇక్కడికి అలాగే దించలేం గానీ, ఎవరి ప్రాణాల గురించి మాట్లాడుతున్నామో మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు షోరూమ్‌లో సేల్స్‌మన్ చెప్పని సంగతి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అయితే సింగిల్ ఛానెల్ ఉన్నా సరిపోతుంది. సింగిల్ ఛానెల్ అంటే మామూలుగా ముందు చక్రానికి మాత్రమే. మీరు బాబాయ్ మాట విని కాలి బ్రేకే తొక్కుతున్నారనుకోండి, ఆ ఏబీఎస్ ఒక్కసారి కూడా పని చేయదు. డబ్బులు కట్టారు, స్టిక్కర్ వచ్చింది!

125 సీసీ వరకు ఉన్న బండ్లలో ఎక్కువగా కనిపించేది సీబీఎస్. కాలి బ్రేక్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది. మంచిదే, కానీ చక్రం లాక్ కాకుండా అది ఆపదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని కొనేవాళ్లు చాలామంది.

మొన్న ఖమ్మం నుంచి మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, వాట్సాప్ చేశాడు. "అన్నా, డ్యూయల్ ఛానెల్ తీసుకోనా, ఆ డబ్బుతో ఎగ్జాస్ట్ మార్చుకోనా?" ముందు తిట్టాను. తర్వాత డ్యూయల్ ఛానెల్ తీసుకోమన్నాను. వాడు రోజూ వెళ్లేది లారీలు తిరిగే రోడ్డు. సౌండ్‌కి పెట్టే డబ్బు బ్రేక్‌కి పెడితే వాళ్లమ్మ అయినా నిద్రపోతుంది. బడ్జెట్ అస్సలు దాటలేని వాళ్లకి మాత్రం ముందు చక్రానికి డిస్కు, ఏబీఎస్ ఉంటే చాలంటాను. అరిగిన టైర్లతో డ్యూయల్ ఛానెల్ కన్నా, మంచి టైర్లతో సింగిల్ ఛానెల్ మేలు. లేని గ్రిప్‌ని ఏ కంప్యూటరూ పుట్టించలేదు.

ఏబీఎస్ తడబడే చోట్లూ ఉన్నాయి. వదులు కంకర మీద, ఇసుక మీద బండి ఆగడానికి ఇంకాస్త ఎక్కువ దూరమే పట్టొచ్చు. అందుకే హిమాలయన్ లాంటి బండ్లలో వెనక ఏబీఎస్ ఆపుకునే స్విచ్ ఇస్తారు. కోతల సీజన్లో మన ఊళ్ల రోడ్ల మీద ఆరబోసిన వడ్ల సంగతి సరేసరి, అక్కడ స్లోగా పోవడమొక్కటే దారి. మలుపులో బండి వంగి ఉన్నప్పుడు కూడా మామూలు ఏబీఎస్ సాయం తక్కువే. ఇక 60 స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. మీరు ఫోన్ చూసిన ఆ సెకనులో బ్రేకే పడలేదు, ఏబీఎస్ ఏం చేస్తుంది?

ఉన్నవాళ్లు ఒక పని చేయండి. ఆదివారం పొద్దున్నే, ఎవరూ లేని రోడ్డు మీద, హెల్మెట్ పెట్టుకుని 30 స్పీడులో నిటారుగా వెళ్తూ రెండు బ్రేకులూ కలిపి వేయండి. ఒక్కసారిగా కాదు, ప్రతిసారీ కొంచెం కొంచెం పెంచుతూ. లివర్ చేతిలో టకటకా కొట్టుకుంటే అది రిపేర్ కాదు, ఏబీఎస్ పని చేస్తోందని. చాలామంది అప్పుడే కంగారుపడి వదిలేస్తారు. వదలొద్దు, పంపు కొట్టినట్టు కొట్టొద్దు, పట్టుకునే ఉండండి. మీటర్ మీద ఏబీఎస్ లైటు బండి కదిలాక ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే మామూలు బ్రేకులే ఉన్నట్టు లెక్క. సెన్సర్ దగ్గర బురద పట్టిందేమో మెకానిక్‌కి చూపించండి.