పీసీఓఎస్: 19 దాటి 30 నిండని అమ్మాయికి ప్రభుత్వాసుపత్రిలో ఏం దొరుకుతుంది?

ప్రభుత్వాసుపత్రి గైనిక్ ఓపీలో తరచూ ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘పెళ్లయిందా?’. రెండోది ‘పిల్లలెంతమంది?’. మీకు 24 ఏళ్లు, పెళ్లి కాలేదు, మూడు నెలలుగా నెలసరి రాలేదు, గడ్డం కింద ముతక వెంట్రుకలు మొలుస్తున్నాయి అనుకోండి. ఆ రెండు ప్రశ్నలూ అయ్యాక మూడోది ఉండకపోవచ్చు. ఇంట్లోనేమో ‘పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే’ అంటారు.

ఇంట్లో మాట అలా ఉంచి, ఆసుపత్రి సంగతి చూద్దాం. మన ప్రజారోగ్య పథకాలు ఆడవాళ్లను వయసుల వారీగా పంచుకున్నాయి. 10 నుంచి 19 ఏళ్ల వారికి 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఉంది. గర్భిణులకు ప్రతి నెలా 9వ తేదీన ప్రత్యేక పరీక్షలు చేస్తారు. 30 దాటితే బీపీ, షుగర్, క్యాన్సర్ స్క్రీనింగ్ జాబితాలో మీ పేరు చేరుతుంది. మరి 20 నుంచి 29 మధ్య ఉండి, గర్భం లేని అమ్మాయి? ఆమె కోసం పెట్టిన రోజంటూ జాతీయ కార్యక్రమాల్లో కనిపించదు. చాలామందికి పీసీఓఎస్ అని తెలిసేది సరిగ్గా ఆ వయసులోనే.

పేరులోనే తిరకాసు

1935లో షికాగోకు చెందిన స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వివరించారు. అండాశయాల్లో కనిపించినవాటిని బట్టి వచ్చిన పేరు ఇప్పటికీ భయపెడుతూనే ఉంది. స్కాన్ రిపోర్టులో ‘సిస్టులు’ అని చదివి గడ్డలనుకుంటారు. అవి గడ్డలు కావు, ఆపరేషన్ చేసి తీయాల్సినవీ కావు. పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండపు సంచులు, అంతే. అసలు గొడవ హార్మోన్లది. ఆండ్రోజన్లు ఎక్కువగా తయారవుతాయి. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. మన దగ్గర పీసీఓడీ అంటే చిన్నది, పీసీఓఎస్ అంటే పెద్దది అని చెప్పుకుంటారు గానీ, అంతర్జాతీయ మార్గదర్శకాల్లో అలాంటి రెండు జబ్బులు లేవు.

ఎంతమందికి ఉంది అంటే, కొలిచే కొలమానాన్ని బట్టి ఉంటుంది. ఐసీఎంఆర్ నిధులతో దేశంలోని పలు ప్రాంతాల్లో 18 నుంచి 40 ఏళ్ల మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. ఒక ప్రమాణం ప్రకారం 7.2 శాతం, మరో ప్రమాణం ప్రకారం 19.6 శాతం. తక్కువ అంకెనే తీసుకున్నా, వంద మంది ఉన్న లేడీస్ హాస్టల్లో ఏడుగురు. ప్రపంచవ్యాప్తంగా ఇది ఉన్నవారిలో 70 శాతం వరకు తమకు ఉన్నట్టే తెలియకుండా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఖరీదైన ప్యాకేజీకి ముందు

డయాగ్నస్టిక్ సెంటర్లు ‘పీసీఓఎస్ ప్రొఫైల్’ పేరిట అమ్మే ప్యాకేజీలు చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లే ముందు ఇది తెలుసుకోండి. పెద్దవాళ్లలో మూడింటిలో రెండు ఉంటే చాలు: నెలసరి క్రమం తప్పడం, ఆండ్రోజన్లు ఎక్కువని చెప్పే గుర్తులు లేదా రక్త పరీక్ష, స్కాన్‌లో కనిపించే మార్పు. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్కాన్ బదులు ఏఎంహెచ్ అనే రక్త పరీక్షనూ ఒప్పుకున్నాయి. కానీ మొదటి రెండూ స్పష్టంగా ఉంటే స్కానూ అక్కర్లేదు, ఏఎంహెచ్ కూడా అక్కర్లేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి ఇతర కారణాలు లేవని మాత్రం డాక్టర్ తేల్చుకోవాలి.

క్రమం తప్పడం అంటే? నెలసరి మొదలై మూడేళ్లు దాటినవారిలో 21 రోజుల లోపే రావడం, లేదా 35 రోజులు దాటడం, లేదా ఏడాదికి 8 సార్ల కంటే తక్కువ రావడం. పదో తరగతి, ఇంటర్ అమ్మాయిల విషయం వేరు. మొదటి నెలసరి వచ్చి 8 ఏళ్లు కాకముందు స్కాన్ చూసి పీసీఓఎస్ అని ముద్ర వేయకూడదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనిపించవచ్చు. పదిహేనేళ్ల పిల్లకు స్కాన్ తీయించి ‘నీకు పిల్లలు పుట్టరేమో’ అని ఇంటిల్లిపాదీ దిగులు పడటం కంటే అన్యాయం లేదు. పైగా అది నిజం కూడా కాదు. పీసీఓఎస్ ఉన్న చాలామందికి పిల్లలు పుడతారు, కొందరికి మందుల సాయం కావాలి.

మందు ఉంది, బోర్డు వేరు

ఇక్కడే అసలు విషయం. పీసీఓఎస్‌కు కావాల్సినవాటిలో చాలా భాగం మీ వార్డులోని ఆరోగ్య కేంద్రంలో ఇప్పటికే ఉండాల్సినవి. కాకపోతే వేరేవాళ్ల పేరు మీద ఉన్నాయి.

నెలసరిని గాడిన పెట్టడానికి, అవాంఛిత రోమాలు తగ్గడానికి మొదట వాడేది రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్ర. అలాంటిదే మాలా-ఎన్. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, కుటుంబ నియంత్రణ కింద. ఫలానా కంపెనీ మాత్రే మేలని మార్గదర్శకాలు చెప్పలేదు. కానీ పెళ్లి కాని అమ్మాయి ఆశా కార్యకర్తను మాలా-ఎన్ అడగగలదా? వీధి మొత్తానికి తెలిసిపోతుందేమోనని భయం. అందుకే డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. సొంతంగా మాత్రం మొదలుపెట్టొద్దు. బీపీ, రక్తం గడ్డకట్టిన చరిత్ర, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారికి అది ప్రమాదం.

షుగర్ పరీక్షదీ అదే కథ. పీసీఓఎస్ ఉన్నవారికి టైప్ 2 మధుమేహం ముప్పు ఎక్కువ. అందుకే జబ్బు తేలినప్పుడు, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే పరీక్ష చేయాలంటారు. ఆ గ్లూకోజ్, ఆ పద్ధతి ప్రభుత్వ కేంద్రాలకు కొత్త కాదు, గర్భిణులకు చేసేది అదే. మీకు పరగడుపున కూడా రక్తం తీయాలి, తేడా అంతే. మెట్‌ఫార్మిన్ కూడా షుగర్ రోగుల కోసం తెప్పించిన మందే. బయట కొనాల్సి వస్తే జన్ ఔషధి దుకాణాల్లో చవకగా దొరుకుతుంది.

అంటే కొత్త భవనాలు, కొత్త యంత్రాల కంటే ముందు కావాల్సింది ఒక ఆదేశం. 30 ఏళ్లు నిండకపోయినా పీసీఓఎస్ ఉన్నవారిని షుగర్, బీపీ స్క్రీనింగ్‌లో చేర్చాలని, మాత్రను చికిత్సగానూ నమోదు చేయాలని.

ఎక్కడికి వెళ్లాలి?

తెలంగాణలో 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ మొదలైంది. తొలుత 100 కేంద్రాల్లో, మంగళవారాల్లో, మహిళల కోసమే. నెలసరి సమస్యలు, సంతాన సమస్యలు, బరువు కూడా అందులో ఉన్నాయి కాబట్టి పెళ్లి ప్రసక్తి లేకుండానే వెళ్లొచ్చు. మీ కేంద్రంలో ఇప్పుడు ఏ రోజు చూస్తున్నారో ముందుగా కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టి, అవసరమైతే బోధనాసుపత్రికి రాయించుకోండి. హార్మోన్ల నిపుణులు కావాలంటే విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ ఉస్మానియాలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. గడప దాటడం కష్టమైతే ఈ-సంజీవని ద్వారా ఫోన్లోనే డాక్టరుతో మాట్లాడొచ్చు. దిగులు, ఆందోళన పీసీఓఎస్‌లో ఎక్కువ. దానికి టెలీ మానస్ నంబరు 14416.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. నెలనెలా తిరిగే ఓపీ ఖర్చుకు అవి అక్కరకు వస్తాయని అనుకోవద్దు. ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో ‘21 రోజుల్లో పీసీఓఎస్ మాయం’ అని అమ్మే టీ పొడులకు పెట్టే డబ్బుతో మంచి వాకింగ్ షూస్ వస్తాయి. ఫలానా తిండే తినాలన్న రుజువేమీ లేదు. అన్నం మానేయక్కర్లేదు, పరిమాణం చూసుకోవాలి. రోజూ ఒళ్లు కదలాలి.

వెళ్లేటప్పుడు గత ఏడాది నెలసరి తేదీలు ఫోన్లో రాసుకుని వెళ్లండి. రెండు నిమిషాల ఓపీలో డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. మూడు నెలలు దాటినా రాకపోతే ఆగకుండా చూపించుకోండి. గర్భాశయం లోపలి పొర అలా మందంగా పేరుకుంటూ పోవడం మంచిది కాదు, ఏళ్ల తరబడి సాగితే క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. ‘పెళ్లయ్యాక చూద్దాం’ అన్న జవాబు వస్తే, షుగర్ పరీక్ష చీటీ మీద రాయమని అడగండి. రాసిన చీటీలను ప్రతిసారీ ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చేసారి ఓపీలో డాక్టరు మారవచ్చు, చీటీ మళ్లీ కొత్తగా మొదలవుతుంది.