చదువు వెనకపడితే బద్ధకమేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్ళు. ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యాడు. ఏడాదిగా చదివింది గుర్తుండడం లేదంటున్నాడు. చెప్పిన పని సగంలో మరిచిపోతాడు. స్నేహితులతో కలవడు, రాత్రుళ్ళు నిద్రపోడు. ఎవరో పేరుపెట్టి పిలిచినట్లు అప్పుడప్పుడు వినిపిస్తుందట; అది భ్రమేనని తనే అంటాడు. మా తమ్ముడు చాలాకాలంగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. మావారు బద్ధకమని పిల్లవాణ్ణి తిడుతున్నారు. నాకు భయంగా వుంది.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా మీ వారిచేత తిట్లు మాన్పించండి. ఇది బద్ధకం కాకపోవచ్చు.

మేనమామకు వున్నంత మాత్రాన మేనల్లుడికి వచ్చితీరాలని లేదు. పిలుపు భ్రమేనని అతనికి తెలుస్తున్నది, అది మంచి సూచన. ముప్పు వున్నదని మానసిక వైద్యులు తేల్చిన వారిలో కూడా మూడేళ్ళలో పూర్తి వ్యాధిగా మారేది సుమారు నాలుగోవంతు మందిలోనే. అయినా అశ్రద్ధ పనికిరాదు. ఇటువంటి పిల్లల్లో జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనా వేగం ముందే మందగించవచ్చు.

వీటిని కొలిచే పరీక్షలకు సూది లేదు, యంత్రం లేదు. అంకెలు చెప్పి తిరగేసి అప్పగించమంటారు. కొన్ని మాటలు వినిపించి కాసేపయ్యాక అడుగుతారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలడో చూస్తారు. 2005లో వచ్చిన 30 మార్కుల 'మోకా' పరీక్ష పెద్దవారి మతిమరుపు కోసం తయారైనది. తెలివైన కుర్రవాడిలో కొద్దిపాటి లోపం అందులో బయటపడకపోవచ్చు. కనుక పాత మార్కుల జాబితాలు వెంట తీసుకువెళ్ళండి. అతను మునుపెలా వుండేవాడో డాక్టరుకు తెలియాలి. పరీక్ష తెలుగులోనే జరగాలి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ చేయించాలి.

మార్కులు తగ్గినంతనే జబ్బు అనుకోకండి. నిద్రలేమి, దిగులు, గంజాయి, మద్యం, థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం కూడా బుర్రను మందగింపజేస్తాయి. రక్తపరీక్షలు చేయించండి. గంజాయి అలవాటు వుందేమో కోప్పడకుండా అడగండి. అది ఈ ముప్పును పెంచుతుంది.

ఈ దశలో సాధారణంగా మొదటి చికిత్స మాటలతో చేసేదే. దానితోపాటు వేళకు నిద్ర, చదువులో కొంత వెసులుబాటు. మీ తమ్ముడి మాత్రలు మాత్రం ఇవ్వవద్దు.

గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం వున్నది. 2022లో మొదలైన టెలీ-మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిలుపు నిజమేనని నమ్మడం, ఇంట్లోవాళ్ళనే అనుమానించడం, చావు మాట ఎత్తడం - వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.