చదవని గైడుకు సంతకమెందుకు?

దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. చేసే మన బళ్లారి పిల్లల ప్రాజెక్టులు నాసిగా ఉంటున్నాయని పెద్దలు పెదవి విరుస్తున్నారు. నాసిగా ఉన్నమాట నిజమే. ఆ విరిచేవారిలో ఎందరు ఆ కాగితాలు చదివారు?

బ్యాంకులో సరుకు మీద అప్పిస్తే, గోదాముకు వెళ్లి సరుకు చూసి రావాలి. చూడకుండా సంతకం పెట్టినవాడికి సంజాయిషీ తప్పదు. (బీకాం వాణ్ణి, నాకు తోచే పోలిక ఇదే.) గైడుకు ఆపాటి నియమం అక్కర్లేదా? నెలల తరబడి మౌనం, ఆఖరి వారంలో ఆన్‌లైన్‌లో పది నిమిషాల పలకరింపు, "బాగుంది, బైండింగ్ చేయించండి." ఇదా పర్యవేక్షణ?

ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ ఈ ఊళ్లో ప్లీడర్లే, ముగ్గురూ నాటకాలవాళ్లే. వాళ్ల మీద రాసే మన పిల్ల సాహిత్య చరిత్రల్లోంచి పేరాలు ఎత్తి రాస్తుంది. "రాఘవ కళామందిరానికి వెళ్లావా? పాత నటుల ఇళ్లలో అడిగావా?" అని ఎవరూ అడగరు మరి! 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ తరువాతి నాటకాల సంగతులు కన్నడంలోనూ వెతకాలి. హైదరాబాదు గైడుకు కన్నడం రాకపోతే తప్పు కాదు, రెండు భాషలూ వచ్చిన స్థానికుణ్ణి సహగైడుగా పెట్టకపోవడమే తప్పు.

పీహెచ్.డి.లో ప్రొఫెసరు దగ్గర ఒకేసారి ఎనిమిదిమందికి మించరాదని యూజీసీ 2022లో నిర్దేశించింది. ఎం.ఏ. అనేసరికి ఆ పట్టింపు సడలాలా? పదిహేను రోజులకు నాలుగు పేజీలు విద్యార్థి పంపాలి. వారంలోగా పేజీ పక్కన రాతపూర్వకంగా తప్పొప్పులు రావాలి. మనం అడగవలసింది ఇంతే.

ఫీజు గడువు దాటితే విద్యార్థి జరిమానా కడుతున్నాడు. గైడు గడువు దాటితే ఎవరు కడతారు?