కూవార్టాతో మొదలుపెట్టాలి

ఆస్ట్రేలియాలో లాయరు కావాలంటే పదకొండు సబ్జెక్టులు తప్పనిసరి. ‘ప్రీస్ట్లీ 11’ అనే ఆ జాబితాలో రాజ్యాంగ చట్టం ఒకటి. ఏ అంశాలు చెప్పాలో అందులో ఉంటుంది. ఏ తీర్పుతో మొదలుపెట్టాలన్నది పాఠం చెప్పేవారి ఇష్టం. క్వీన్స్‌లాండ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ పక్కనే యూనివర్సిటీ ఆఫ్ సదరన్ క్వీన్స్‌లాండ్ క్యాంపస్ ఉంది. ఈ చుట్టుపక్కల పెరిగే తెలుగు పిల్లలు రేపు లా చదివితే వాళ్ల చేతికి ముందుగా ఏ కేసు రావాలి?

1982 నాటి కూవార్టా కేసు.

అది క్వీన్స్‌లాండ్ నేల మీదే పుట్టింది. కేప్ యార్క్‌లో విక్ తెగకు చెందిన జాన్ కూవార్టా, తమ పూర్వీకుల నేలలో ఉన్న పశువుల లీజు భూమిని తనవాళ్లకు దక్కించాలనుకున్నారు. 1976లో ఆదివాసీ భూనిధి కమిషన్ కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుంది. రాష్ట్రం బదిలీకి ఒప్పుకోలేదు. ఆదివాసులు పెద్ద భూములు సంపాదించడం తమకు సమ్మతం కాదని కేబినెట్ 1972లోనే తీర్మానించుకుంది మరి! కూవార్టా 1975 జాతివివక్ష చట్టాన్ని పట్టుకుని కోర్టుకెక్కితే, అసలు ఆ చట్టమే చెల్లదని రాష్ట్రం వాదించింది. ఆస్ట్రేలియాలో అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 4-3 తేడాతో చట్టాన్ని నిలబెట్టింది.

జాతుల గురించి చట్టాలు చేసే అధికారం ఆస్ట్రేలియా రాజ్యాంగంలో ఉంది. కానీ అన్ని జాతులనూ కాపాడే చట్టానికి అది ఆసరా కాలేకపోయింది. విదేశీ వ్యవహారాల అధికారం కింద అమలు చేసే అంతర్జాతీయ ఒడంబడికే దిక్కయింది. ఈ కేసును ఆ అధికారానికి ఒక ఉదాహరణగా మాత్రమే చెప్పి, మరుసటి ఏటి టాస్మానియన్ డ్యామ్ కేసుకు వెళ్లిపోతే ఇదంతా విద్యార్థికి అందదు. ఇక్కడ ఇల్లు కొనుక్కునే తెలుగు కుటుంబానికీ అండ ఆ జాతివివక్ష చట్టమే.

దీని పక్కన సమత కేసు కూడా చదివించాలి. విశాఖ మన్యంలో, అనంతగిరి ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులను సమత సంస్థ సవాలు చేసింది. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించే 1/70 చట్టం సర్కారు భూమికీ వర్తిస్తుందని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండుచోట్లా ఆదివాసీ భూమే, ఎదుట రాష్ట్ర ప్రభుత్వమే. రెండు రాజ్యాంగాలు వెతికిన దారులు మాత్రం వేరు. తులనాత్మక పాఠానికి ఇంతకంటే మంచి జంట దొరకదు.

సెమిస్టర్‌లో సమయం చాలదన్న అభ్యంతరం నిజమే. 1920 నాటి ఇంజనీర్ల కేసును ఎవరూ వదులుకోలేరు. అయితే అంతర్రాష్ట్ర వాణిజ్యంపై సెక్షన్ 92 కింద దశాబ్దాల పాటు పేరుకున్న పాత తీర్పులున్నాయి. 1988లో కోల్ వర్సెస్ విట్‌ఫీల్డ్ కేసులో హైకోర్టే వాటి దారి మళ్లించింది. వాటికి ఒక్క గంట చాలు. మిగిలే సమయం కూవార్టాకు, సమతకు ఇవ్వవచ్చు.