మెడ మీద గడ్డకు ముక్క పరీక్ష అడగండి

మెడ మీద గడ్డ లేస్తే మన పల్లెల్లో గండమాల అంటారు. మంత్రం వేయిస్తారు, వాత పెట్టిస్తారు. నొప్పి లేదు గదా, కూలికి పోవచ్చు గదా అని నెలలు దొర్లిస్తారు. ఆ నొప్పి లేకపోవడమే మోసం. లింఫోమా అనే కేన్సరు గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు.

రోగాలతో పోరాడే తెల్లకణాలు మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే గ్రంథుల్లో కాపలా కాస్తుంటాయి. ఆ కాపలా కణాలే అదుపు తప్పి పెరిగితే లింఫోమా. ఇది అంటురోగం కాదు. రోగికి పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టే పని లేదు. వేరు గ్లాసు ఎట్లుంటుందో మనకు ఒకరు చెప్పాలా!

టీబీ గడ్డ కూడా మెడలోనే వస్తుంది. జ్వరం, రాత్రి చెమటలు, చిక్కిపోవడం రెండింటికీ ఉంటాయి. అందుకని ముక్క పరీక్ష లేకుండానే టీబీ మాత్రలు మొదలుపెట్టే డాక్టర్లున్నారు. పేదోడి గడ్డ అంటే టీబీయే అని తేల్చేయడం వైద్యం కాదు. రెండు మూడు వారాలైనా గడ్డ తగ్గకపోతే బయాప్సీ చేయమని నోరు తెరిచి అడగండి. సూదితో తీసింది ఒక్కోసారి చాలదు, గడ్డనే కోసి పంపాలి. లింఫోమాల్లో పదుల రకాలున్నాయి. ఏ రకమో తేలితేనే ఏ మందో తేలేది.

మందులున్నాయి. 1832లో లండన్ డాక్టరు థామస్ హాడ్జ్‌కిన్ రాసిపెట్టిన రకం ఇప్పుడు ఎక్కువమందికి పూర్తిగా నయమవుతోంది. దానికి వాడే విన్‌బ్లాస్టిన్ మన దొడ్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే. అట్లని ఆకు నూరి తాగేరు, అది విషం. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టుల కేన్సరు ఆస్పత్రి కూడా తెరిచారు. చిత్తూరోళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. ఆరోగ్యశ్రీ 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. కార్డు తీసుకుపోయి ఆరోగ్యమిత్రను అడగండి.

అసలు చిక్కు తర్వాతుంది. హాడ్జ్‌కిన్ రకం ముదిరితే పదిహేను రోజులకొకసారి, 12 సార్ల దాకా మందు ఎక్కించాల్సి వస్తుంది. రెండు మూడు సార్లకే గడ్డ కరిగిపోవచ్చు. బాగయిందిలే అని మానేస్తే రోగం తిరగబెడుతుంది, ఈసారి మొండిగా. మానేసినోళ్లను తెలివి లేనోళ్లంటే మేము ఒప్పుకోము. కుప్పం నుంచి తిరుపతికి 12 సార్లు పోతే రోగికి, తోడు పోయినోళ్లకు కలిపి తక్కువలో తక్కువ 24 రోజుల కూలి పోతుంది. మందు ఉచితమే, మరి కూలి ఎవరిస్తారు? మందు ఎక్కే రోజుకు ఇద్దరి కూలీ, బస్సు చార్జీ సర్కారే ఇవ్వాలి. ప్రతి ఏరియా ఆస్పత్రిలో గడ్డ ముక్క తీసి పరీక్షకు పంపే ఏర్పాటుండాలి. అవి వచ్చేదాకా ప్రతి పల్లె సంఘమూ ఎవరి తేదీ ఎప్పుడో రాసుకుని, ఆ పొద్దు ఒక మనిషిని తోడు పంపాలి.