నేల మీద మోపిన నింద

మిన్నెసోటాలో ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ల మధ్య ఒక మాట గట్టిగా నాటుకుపోయింది. జియోథర్మల్ హీట్ పంప్ ఐస్‌లాండ్ లాంటి చోట్లకు సరిపోతుందిగాని, జనవరిలో మైనస్ 30 డిగ్రీలకు జారిపోయే ఊళ్లకు పనికిరాదట. బయటంతా గడ్డకట్టి ఉంటే యంత్రం వేడి ఎక్కణ్ణుంచి తెస్తుందని ఎదురు ప్రశ్న కూడా వేస్తారు. ఈ మాట తప్పు. దీన్ని నమ్మి ఏటా ప్రొపేన్ ట్యాంకులు నింపించుకుంటూ ఉండిపోయిన కుటుంబాలున్నాయి, అందుకే విని ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఐస్‌లాండ్ సంగతి. అక్కడ ఇళ్లకు చేరేది భూమి లోపలి వేడితో కాగిన నీరు. మన మణుగూరు దగ్గర పగిడేరులో బోర్లలోంచి ఉబికి వచ్చేదీ వేడినీరే. అలాంటి చోట్లు అరుదు, నిజమే. కాని ఇంటి పెరట్లో బోరు వేసి పెట్టే హీట్ పంప్‌కు వేడినీటి ఊటతో పనిలేదు, అగ్నిపర్వతంతో అసలే పనిలేదు. రెండింటికీ ఒకే పేరు ఉండబట్టి ఒకదాని షరతులు తెచ్చి రెండోదానికి అంటగట్టారు.

దీనికి కావలసింది మారని ఉష్ణోగ్రత ఒక్కటే. చలికాలం తెల్లవారుజామున బావి నీళ్లు తోడి పోసుకున్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. గాలి వణికిస్తున్నా నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. లోతుకు పోయేకొద్దీ నేల రుతువులను పట్టించుకోదు, ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రత దగ్గర నిలిచిపోతుంది. మినియాపొలిస్ చుట్టుపక్కల ముప్ఫై నలభై అడుగులు దాటితే జనవరైనా జులైయైనా సుమారు 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్. మంచు ఎంతవరకు దిగుతుందన్నదీ ఊహాగానం కాదు. రాష్ట్ర భవన నిబంధనలు దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతుకు పునాది దించమంటాయి. హీట్ పంప్ బోరు దిగేది వందల అడుగులు.

పది డిగ్రీల నేల ఇరవై ఒక్క డిగ్రీల ఇంటిని ఎలా వెచ్చబెడుతుందంటారా? కంప్రెసర్‌తో. యంత్రంలోని రిఫ్రిజరెంట్ సున్నాకు చాలా కింద కూడా మరుగుతుంది. బోరులో దింపిన పైపు చుట్టలో, అంటే లూప్‌లో, తిరిగొచ్చిన ద్రవం సున్నా డిగ్రీల దగ్గరున్నా ఆ రిఫ్రిజరెంట్‌ను ఆవిరిగా మార్చేంత వేడి ఇవ్వగలదు. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కితే వేడెక్కి ఆ వేడిని ఇంట్లో వదులుతుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చుకు మూడు, మూడున్నర యూనిట్ల వేడి వస్తుంది. అదనంగా వచ్చిందంతా నేల ఇచ్చిందే. ఇది నిన్నమొన్నటి ప్రయోగం కూడా కాదు. ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిట్టింగర్ 1850లలోనే ఉప్పు తయారీకి హీట్ పంప్ కట్టాడు. నేల నుంచి వేడి తీసుకునే పద్ధతికి స్విట్జర్లాండ్‌లో హైన్రిష్ జోలీ 1912లో పేటెంట్ తీసుకున్నాడు.

చలిదేశంలో పనికిరాదనేవాళ్లు స్వీడన్ వైపు ఒకసారి చూడాలి. 1970ల చమురు సంక్షోభం దెబ్బకు ఆ దేశం చమురు బాయిలర్లను వదిలించుకోవడం మొదలుపెట్టింది. ఇవాళ అక్కడ లక్షల ఇళ్లు గట్టి రాతిలో దింపిన బోర్ల మీద వెచ్చగా ఉన్నాయి. అంత దూరం ఎందుకు, మిన్నెసోటాలోనే నార్త్‌ఫీల్డ్‌లోని కార్ల్‌టన్ కాలేజీ పాత ఆవిరి వ్యవస్థను వదిలి, మైదానాల కింద వేసిన బోర్ల మీదకు మారింది.

ఇక్కడ అవతలివాళ్లు తమ అసలు సాక్ష్యం బయటపెడతారు: "మా తోడల్లుడుగారింట్లో పెట్టించారండీ. చలికాలమంతా వణికారు, కరెంటు బిల్లు చూసి ఏడ్చారు." వాళ్లు వణికారంటే నమ్ముతాను. బిల్లు పేలిందన్నా నమ్ముతాను. ఆ నింద తెచ్చి నేల మీద మోపడమే నాకు మింగుడుపడదు.

ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో చూద్దాం. బాగా చలి ఉన్న రాత్రి ఒక ఇల్లు 12 కిలోవాట్ల వేడి పోగొట్టుకుంటుందనుకోండి. మూడున్నర రెట్ల సామర్థ్యంతో నడిస్తే కంప్రెసర్ తీసుకునేది సుమారు మూడున్నర కిలోవాట్లు. మిగతా ఎనిమిదిన్నర నేల ఇవ్వాలి. అందుకు రాయిని బట్టి, తడిని బట్టి ఆరేడు వందల అడుగుల బోరు కావాలి. ఖర్చు తగ్గిస్తానని కాంట్రాక్టరు నాలుగు వందల అడుగులతో సరిపెడితే డిసెంబరు బాగానే గడుస్తుంది. ఫిబ్రవరికి లూప్ చుట్టూ నేల అతిగా చల్లబడిపోతుంది, యంత్రం చాలదు. అప్పుడు సహాయంగా పెట్టిన కరెంటు హీటరు రాత్రింబవళ్లు వెలుగుతుంది. యూనిట్‌కు యూనిట్ వేడే ఇచ్చే ఆ హీటరే బిల్లును పేల్చేది. అటక మీద ఇన్సులేషన్ లేని ఇంటికీ, కిటికీల సందుల్లోంచి గాలి వచ్చే ఇంటికీ ఇదే గతి, ఎందుకంటే వేడి నష్టాన్ని గదిగదికీ లెక్కగట్టకుండా చదరపు అడుగులు చూసి యంత్రం సైజు తేల్చేస్తారు.

మన అలవాట్ల వాటా కూడా ఉంది. ఫర్నేస్ ఉన్నప్పుడు రాత్రి థర్మోస్టాట్ తగ్గించి పొద్దున్నే పెంచితే గ్యాస్ మిగిలేది. హీట్ పంప్ ఇంట్లో అదే పని చేస్తే, పొద్దున ఒక్కసారిగా నాలుగైదు డిగ్రీలు ఎక్కించడానికి ఆ కరెంటు హీటరు అందుకుంటుంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర వదిలేయాలని అమ్మినవాడు చెప్పి ఉండాల్సింది. గాలి గోరువెచ్చగా వస్తోందన్న ఫిర్యాదూ అంతే. ఫర్నేస్ గాలి 50 డిగ్రీలు దాటి వస్తుంది, హీట్ పంప్ గాలి 35, 40 మధ్య ఎక్కువసేపు వస్తుంది. పాత డక్టులు ఆ గాలికి చాలకపోతే చివరి పడగ్గది చల్లగానే ఉండిపోతుంది.

డబ్బు విషయంలో మాత్రం అవతలివాళ్ల మాటలో ఒక నిజం ఉంది, దాన్ని దాచడం అన్యాయం. వీధిలో సహజవాయువు పైపు ఉన్న ఇంటికి ఈ యంత్రం పెద్దగా ఆదా చేయకపోవచ్చు. కరెంటు యూనిట్ 15 సెంట్లు, గ్యాస్ థెర్మ్ ఒక డాలరు అనుకుంటే, ఒక యూనిట్ వేడికి హీట్ పంప్‌తో నాలుగు సెంట్లు దాటుతుంది, మంచి గ్యాస్ ఫర్నేస్‌తో నాలుగు లోపే. ప్రొపేన్ గ్యాలను రెండు డాలర్లయితే అదే వేడి ఎనిమిది సెంట్ల దగ్గర పడుతుంది. కరెంటు హీటర్లతో నడిచే ఇంటికైతే 15. పల్లెల్లో, పైపులు రాని కొత్త కాలనీల్లో ఉన్నవాళ్లు వినవలసిన లెక్క ఇది. సరిగ్గా వాళ్లనే ఆ పుకారు వెనక్కి లాగుతోంది.

అమ్మేవాళ్ల మాటల్లోనూ ఖండించాల్సింది ఒకటుంది. సొంత ఇంట్లో పెట్టించుకుంటే ఖర్చులో 30 శాతం పన్ను తగ్గింపు 2032 దాకా ఉంటుందని 2022 చట్టం చెప్పింది. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని ఆ ఏడాది డిసెంబరు 31తో ముగించేసింది. ఇప్పటికీ ఆ తగ్గింపు కలిపి ధర చెప్పేవాడు మీకు తప్పుడు లెక్క చూపిస్తున్నాడు.

సంతకం పెట్టే ముందు వేడి నష్టం లెక్క గదిగదికీ చూపించమనండి. బోరు ఎన్ని అడుగులో, ఒకటికి మించి వేస్తే ఎంత ఎడంగా వేస్తారో, సిమెంటు, బెంటొనైట్ బంకమట్టిలలో దేనితో పూడుస్తారో అడగండి. పదో ఏటి ఫిబ్రవరిలో లూప్ నుంచి ఇంట్లోకి వచ్చే ద్రవం ఎన్ని డిగ్రీలుంటుందని అంచనా వేశారో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వనివాడి రిగ్గును మీ పెరట్లోకి రానివ్వకండి.